ఊరిగాంలో రాగి ఉండ

"నా నడక పరీక్ష చూసేదానికి రామ్మా" అని మునస్వామి మామ ఫోన్ చేస్తే నవ్వాను. డెబ్బై దాటిన మనిషికి పరీక్షేమిటి? మామ మా అమ్మకు తమ్ముడు. కేజీఎఫ్ బంగారు గనిలో భూమి అడుగున పనిచేసి, గని మూతపడ్డాక కూడా ఊరిగాంలోని పాత కంపెనీ ఇంట్లోనే ఉండిపోయాడు. వయసు మళ్ళినవాళ్ళకు కసరత్తూ మంచి తిండీ ఎంతవరకు మేలు చేస్తాయో తెలుసుకోవడానికి బెంగుళూరు విశ్వవిద్యాలయం ఒకటి అక్కడ పరిశోధన చేస్తోందట. మామ అందులో చేరాడు. ఇక చూడకుండా ఉండబుద్ధి కాలేదు.

కుప్పంలో పొద్దున్నే రైలెక్కి, బంగారుపేటలో దిగి, మారికుప్పం బండి పట్టుకున్నాను. మీరు వెళితే బంగారుపేటలో కంగారు పడకండి. టీ తాగే తీరిక ఉంటుంది, టీ కూడా బాగుంటుంది.

ఎదురుగా కూర్చున్న పూలమ్మే ఆవిడ "యాడికి పోతా ఉండావమ్మా?" అని అడిగింది. చెప్పాను.

"ఆ కుర్చీ కసరత్తుకా? మా లైన్లో ముసలోళ్ళంతా అదే పని. లేసేది, కూసునేది. చూస్తే మన కాళ్ళు నొస్తాయి" అని నవ్వింది. లైనంటే గని కార్మికుల ఇళ్ళ వరుస.

గని మట్టి దిబ్బలు కనిపించాయో లేదో ఊరిగాం వచ్చేసింది. ప్లాట్‌ఫారం మీద మామ నిలబడి ఉన్నాడు. నడిచే వచ్చాడు! పోయిన ఏడాది పెరట్లోకి వెళ్ళి రావడానికే ఆయాసపడిన మనిషి. నాకు కళ్ళు చెమర్చాయి.

ఇంట్లో ఇడ్లీలు తిని, పదకొండు గంటలకు చర్చి పక్కనున్న హాలుకు వెళ్ళాం. పరిశోధన నడిపే రేఖ అనే యువ డాక్టరు నాకు ఓపికగా అంతా వివరించింది. చేరినవాళ్ళను చీటీలు తీసి రెండు జట్లు చేశారు. మొదటి జట్టుకు కుర్చీ కసరత్తు, రబ్బరు పట్టీ లాగడం, రోజూ వేరుశనగ కలిపిన రాగి ఉండ. రెండో జట్టుకు ఇప్పటికి ఆరోగ్యం గురించి మాటలే, పరిశోధన ముగిశాక వాళ్ళకూ అన్నీ అందుతాయి. తేడా తెలియాలంటే అలా చేయక తప్పదట. మామది మొదటి జట్టు. పక్కింటి గోవిందప్పది రెండోది. గనిలో వాళ్ళిద్దరూ ఒకే షిఫ్టులో జోడీగా పనిచేసినవాళ్ళు.

ఆరు నిమిషాలు హాల్లో అటూ ఇటూ నడవాలి. మామ కొత్త పెళ్ళికొడుకులా దర్జాగా నడిచాడు. గోవిందప్పా ఏమీ తీసిపోలేదు. నేను చప్పట్లు కొట్టబోయి రేఖ ముఖం చూసి ఆగాను.

"కసరత్తు చేసేవాళ్ళు, చేయనివాళ్ళు, ఈ లైన్లో అందరూ ఒకే మాదిరి నడస్తా ఉండారు" అంది రేఖ నాతో మెల్లగా. "ఇట్లే ఉంటే దీనివల్ల లాభం లేదని రాయాల్సి వస్తుంది."

మెల్లగా అన్నా మామ చెవిన పడింది. ఆయన గోవిందప్ప వైపు చూశాడు. గోవిందప్ప వద్దన్నట్టు తల ఊపాడు. నిజం చెబితే ఇద్దరినీ పరిశోధన నుంచి పంపించేస్తారని, మళ్ళీ మంచానికి అతుక్కుపోవాల్సి వస్తుందని వాళ్ళ భయం.

"అట్ల రాయొద్దమ్మా" అన్నాడు మామ. "కసరత్తు బాగా పనిచేసింది. వానికీ నేనే చేపిస్తా ఉండాను. నా ఉండలో సగం వానికే."

రేఖ నిర్ఘాంతపోయింది. "ఒక్కరే తినాలని చెప్పినాను కదప్పా!"

"చెప్పినావు. అయితే గనిలోపల డబ్బా తెరిస్తే ఒక్కడే తినేది లేదమ్మా, జోడీకి సగం పెట్టాల. ఇంగ ఈ వయసులో యాడ మారేది? మా లైనంతా అట్లే ఉండాది."

లైనంతా అనేసరికి ఆమె తల పట్టుకుంది. తన ప్రొఫెసరుకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్ళింది. ఆమె వచ్చేదాకా మామ, గోవిందప్ప ఒకే బెంచీ మీద, హెడ్మాస్టరు పిలిచిన పిల్లల్లా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు.

"ఎవరినీ పంపించము" అంది రేఖ వస్తూనే. "జరిగింది జరిగినట్టే రాస్తాము. దీని తర్వాత సుగటూరు అనే ఊర్లో మొదలుపెట్టేటప్పుడు మనిషికొక చీటీ కాదు, వీధికొక చీటీ తీస్తాము. ఒక వీధంతా ఒకే జట్టు, పంచుకున్నా లెక్క చెడదు. మీరిద్దరూ కసరత్తు మానొద్దండప్పా."

ఎన్నాళ్ళ కష్టమో చెడిపోయినా ఆ అమ్మాయి ఒక్క పరుషమైన మాట అనలేదు, ఒక్క నిజం దాచాలనుకోలేదు. ఆమె మీద నాకు గౌరవం రెట్టింపైంది.

మధ్యాహ్నం సంగటి, ఉలవచారు తిని, సాయంత్రం బండికి బయలుదేరాను. స్టేషనుకు మామతో పాటు గోవిందప్ప కూడా నడిచి వచ్చాడు. కిటికీలోంచి చిన్న కాగితం పొట్లం అందించాడు.

"మీ మామ ఇచ్చిన సగంలో సగం. తినమ్మా."

"అయ్యో, డాక్టరమ్మకు తెలిస్తే!"

"మేమే చెప్తాములే. నువ్వు కూడా మా లైనే అని రాసుకుంటాది."

బండి కదిలింది. బంగారుపేట దాకా పొట్లం విప్పలేదు. కుప్పం రైల్లో కూర్చున్నాక విప్పాను గానీ, ఎందుకో ఒక్కదాన్నే తినబుద్ధి కాలేదు. పక్కసీటు ఆవిడకు సగం తుంచి ఇచ్చి, మిగతాది నోట్లో వేసుకున్నాను.