పట్వారీ మరిచిపోయిన గీత

1351 ఫసలీ దై నెలలో, అంటే 1941 నవంబరులో, తామీరాత్ శాఖవారు నన్ను మున్సరిం సబ్ ఓవర్సీరుగా నాగర్‌కర్నూల్ దగ్గర ఒక పెద్ద చెరువు మీద వేశారు. తామీరాత్ అంటే చెరువులు, రోడ్లు, ప్రభుత్వ భవనాలు చూసే శాఖ. మున్సరిం అంటే కుర్చీలో కూర్చోవచ్చు కాని ఆ కుర్చీ మనదని చెప్పుకోకూడదు. పై అధికారి 'ముస్తఖిల్' అని రాసి సంతకం పెడితేనే ఉద్యోగం ఖాయం. పెట్టకపోతే ఇంటికి. వనపర్తిలో మా నాన్న ఈ తేడా పట్టించుకోకుండా, నేను బండి ఎక్కిన రోజే వీధంతా పేడాలు పంచారు. ఇంటికి తిరిగి పోవడమంటే ఆ పేడాలు తిన్నవాళ్లందరి ముందు నుంచి నడిచి పోవడం.

ఊరి పేరు రాయను. అక్కడి పట్వారీ మనవలు మంచివాళ్లు, ఇప్పటికీ నాకు ఉత్తరాలు రాస్తుంటారు.

నా పని చెప్పడానికి సులువు. తూము దగ్గర కట్టమీది నుంచి చెరువులోకి పొడుచుకొచ్చిన రాతి గద్దె ఒకటి ఉండేది. దాని పక్క స్తంభం మీద అడుగుల గీతలు చెక్కి ఉండేవి. రోజూ పొద్దున నీరు ఏ గీతను తాకుతున్నదో చూసి రిజిస్టరులో ఎక్కించాలి. పుష్య మాసం వచ్చేసరికి ఆ అంకెను బట్టి తాబీకి, అంటే యాసంగి వరికి, ఎన్ని ఎకరాలకు నీళ్లు వదలాలో ఆఫీసు తేలుస్తుంది. చూడటానికి అర నిమిషం, రాయడానికి ఇంకో అర నిమిషం. మిగతా రోజంతా ఏం చేయాలో శాఖ నిబంధనల్లో లేదు.

ఆ లోటు తీర్చినవాడు నీరడి సాయన్న. నీరడి అంటే తూము ఎత్తి దించి, కాలువల వెంట తిరిగి మడిమడికీ నీళ్లు పెట్టే ఊరి మనిషి. అరవై దాటినవాడు. నేను చేరిన మూడో రోజున వెదురు కట్టె ఒకటి చేతికిచ్చి, "ఊకె కూసుంటె నిద్రొస్తది సాబ్, గిది పట్టుకో" అన్నాడు. అలా గాలం నా చేతికి వచ్చింది. నిన్న పొద్దున కూడా నా చేతిలోనే ఉంది.

చేపలు పట్టడం ఓపిక నేర్పుతుందని చేపలు పట్టనివాళ్లు అంటుంటారు. నేర్పదు. నాకు అప్పుడూ ముక్కు మీదే కోపం, ఇప్పుడూ అంతే, కావాలంటే మా ఇంట్లో అడగండి. గాలం నేర్పేది వేరు. కంటికి కనిపించని దాన్ని దారం పట్టుకుని తెలుసుకోవడం. సాయన్న మొదటి పాఠం ఎర గుచ్చడం కాదు, లోతు చూడటం. దారానికి కింద సీసపు గుండు, పైన జొన్న బెండు. దారం లోతు కంటే పొడుగైతే గుండు నేల మీద కూర్చుంటుంది, బెండు నీళ్ల మీద పడుకుంటుంది. బెండును కొంచెం కొంచెం కిందికి జరిపి వేస్తూ పోతే ఒకచోట నిటారుగా లేచి నిలబడుతుంది. బెండుకూ గుండుకూ మధ్య ఎంత దారముందో అక్కడ నీళ్లు అంత లోతు. "బెండు పండుకున్నదంటె అబద్ధమాడుతున్నట్టు, నిలవడ్డదంటె నిజం చెప్తున్నట్టు" అనేవాడు.

పది రోజుల్లో నాకు పిచ్చి పట్టింది. కృష్ణ ఒడ్డున జాలరులు వాడే ముళ్లు మంచివని విని గద్వాల నుంచి ప్రత్యేకంగా తెప్పించుకున్నాను. తెల్లవారగానే గద్దె మీద నేనూ సాయన్నా చేరేవాళ్లం. రెండు గంటలు కదిలేవాళ్లం కాదు.

దీనివల్ల నష్టపోయినవాడు ఒక్కడే, పట్వారీ. ఊరి భూమి లెక్కలన్నీ ఆయన చేతిలో ఉండేవి. అంతకుముందు సాయన్న తెల్లవారుతూనే ఆయన మడికే మొదట నీళ్లు తిప్పేవాడట. ఇప్పుడు నాతో కూర్చుని ఎండ ఎక్కాక లేస్తున్నాడు. లేచాక నేను ఎదురుగా ఉండటంతో వరస ప్రకారమే వదులుతున్నాడు. పట్వారీ నన్ను చూసినప్పుడల్లా నవ్వేవాడు. అంతగా నవ్వే మనిషి ఎక్కడో కాగితం రాస్తున్నాడని అనుభవం ఉన్నవాడైతే గ్రహించేవాడు. నాకు ఇరవై రెండేళ్లు.

పుష్యం వచ్చేముందు నాకొక తాకీదు వచ్చింది. మొహతమీం సాహెబ్, అంటే జిల్లా మొత్తానికి మా శాఖ పెద్ద, దౌరాలో, అంటే తనిఖీకి ఊళ్లు తిరుగుతూ, వస్తున్నారు. తాకీదులో ఉర్దూలో ఒకే వాక్యం నన్ను నిలువునా తినేసింది. 'తూము వద్ద మీరు రోజూ వేయుచున్న కాలమ్‌ను స్వయంగా చూడదలచినాము, సిద్ధముగా ఉంచవలెను.'

ఏం కాలమ్? నేనేం వేస్తున్నాను? కాలమ్ అంటే స్తంభమా? తూము స్తంభం నా తాత పుట్టకముందే ఉంది. రాత్రంతా ఆలోచించి, రిజిస్టరులో గడులను కూడా కాలమ్ అంటారు కదా అని తేల్చుకున్నాను. పొద్దున ఎర్ర సిరా తెచ్చి, రిజిస్టరులో ఉన్న నాలుగు గడుల పక్కన ఇంకో ఎనిమిది గీశాను. గాలి, మబ్బు, అల, నీటి రంగు, ఇలా తోచిన పేర్లన్నీ పెట్టి గడిచిన నెలన్నరకూ నింపాను. గాలం ముట్టలేదు. సాయన్న జాలిగా చూసి, "ఏంది సాబ్ గట్ల అయిండ్రు, పానం బాగలేదా? దవాఖానకు పోదామా?" అన్నాడు.

మొహతమీం సాహెబ్ చెప్పిన రోజున చెప్పిన గంటకు వచ్చారు. వెంట చెప్పిందల్లా రాసుకునే పేష్కారు. ఆ వెనక పటేలు, పట్వారీ, పాతికమంది రైతులు. రైతుల ముందు బాలమ్మ. ఆమె మడి కాలువకు చిట్టచివర ఉంది. మూడేళ్లుగా ఆమె తాబీ ఎండుతున్నది, మూడేళ్లుగా అర్జీ పెడుతున్నది. మూడేళ్లుగా ఆఫీసు ఒకే జవాబిస్తున్నది. రిజిస్టరు ప్రకారం చెరువులో పదడుగుల నీరున్నది, చాలినంత ఉన్నది, రైతులే వృథా చేస్తున్నారు. ఆ రోజు కూడా పదే ఉంది. మొహతమీం గద్దె ఎక్కుతుంటే ఆమె అడ్డం నిలబడి, "మా మడికి నీళ్లు కాయితంల వస్తున్నయి సాబ్, కాల్వల వస్త లేవు" అంది. పేష్కారు ఆమెను పక్కకు జరిపాడు.

నేను వంగి సలాం చేసి పన్నెండు గడుల రిజిస్టరు విప్పాను. మొహతమీం చూశారు, పేజీ తిప్పారు, మళ్లీ చూశారు. "ఇదేమిటి? నీటి రంగు రాయమని నిన్నెవరు అడిగారు? నీళ్లలో వేసే కాలమ్ ఏది?" అన్నారు ఉర్దూలో. ఆయన విసుగ్గా సంచిలోంచి కాగితం ఒకటి తీసి పైకి చదివారు.

"ఓవర్సీరు రోజూ పొద్దున నీరడిని వెంటబెట్టుకుని, తూము దగ్గర నీళ్లలో కాలమ్ వేసి, రెండేసి గంటలు కదలక మెదలక కూర్చుంటారు. ఊరంతా చూస్తున్నది. హుజూర్ వారు తగిన చర్య తీసుకోగలరు."

చదివి తల పంకించారు. ఇరవై ఏళ్ల సర్వీసులో నీటి కాలమ్, అంటే నీటి నిలువు లోతు, కొలవడానికి రెండు గంటలు కూర్చున్న ఓవర్సీరును వినలేదన్నారు. తగిన చర్య తీసుకోవడానికే వచ్చానన్నారు. ముస్తఖిల్ కాగితం సంచిలోనే ఉందని పేష్కారు నా చెవిలో వేశాడు.

నేను పట్వారీ వైపు చూశాను. ఆయన ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. అప్పుడు తెలిసింది. పట్వారీకి ఉర్దూ అవసరమైనంత మేరకే వచ్చు. గాలానికి ఉర్దూలో ఏమంటారో తెలియక తెలుగు మాటనే ఉర్దూ అక్షరాల్లో రాశాడు. ఉర్దూలో కాఫ్ అక్షరానికి నెత్తిన ఒక గీత, గాఫ్‌కు రెండు. అదొక్కటే తేడా. నా మీద కోపంతో గబగబా రాస్తూ ఆ రెండో గీత మరిచిపోయాడు. గాలం కాస్తా కాలమ్ అయింది, ఫిర్యాదు కాస్తా సిఫారసు అయింది. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందంటే ఇదే. ఇప్పుడు దిద్దుదామంటే తనకు అక్షరాలు రావని జిల్లా అధికారి ముందు ఒప్పుకోవాలి. ఆయన దగ్గాడు, అంతే.

ఉర్దూ ముక్క తెలియని సాయన్నకు ఒక్కటే అర్థమైంది, దొరగారు ఏదో చూపించమంటున్నారు. కట్ట కింది తన గుడిసెలోంచి వెదురు కట్టె పట్టుకొచ్చి నా చేతిలో పెట్టి, "గిదే గద సాబ్, గాలం" అన్నాడు.

"హాఁ, కాలమ్!" అన్నారు మొహతమీం సంతోషంగా.

కుడితిలో పడ్డ ఎలుక అంటారే, అది నేను. వేయక తప్పలేదు, వేశాను. తూము నోటికి దగ్గరగా కాకుండా, అలవాటు కొద్దీ నాలుగు బారల అవతలికి పడింది. బెండు పడుకుంది. జరిపాను, వేశాను. పడుకుంది. ఇంకా జరిపాను. నిలబడింది. పైకి లాగి దారం కొలిచాను. ఆరడుగులు.

"రిజిస్టరులో పది ఉందే?" అన్నారు మొహతమీం.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఇక్కడ బెండు ఏనాడూ స్తంభం చెప్పినంత లోతు చెప్పలేదు. స్తంభం మీది లెక్క తూము గడప నుంచి మొదలవుతుంది. తూము నోటి దగ్గర నీటి వడికి గుంట ఏర్పడి గడప మీద మట్టి నిలవలేదు. దాని అవతలంతా ఏళ్ల తరబడి ఒండ్రు పేరుకుని నాలుగడుగులు లేచింది. రిజిస్టరు ఆ మట్టిని కూడా నీళ్లుగా లెక్కపెడుతున్నది. రోజూ గాలం వేస్తూ ఈ సంగతి నాకు తెలుసు, ఉద్యోగానికి సంబంధించిన సంగతని మాత్రం ఆ క్షణం దాకా తోచలేదు. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కాని నిజం.

మొహతమీం గెడ తెప్పించి, నీళ్లలో దిగి పొడిచి చూడమన్నారు. సాయన్న దిగాడు, ఈదుకుంటూ పోయి గెడ గుచ్చాడు. అందరి కళ్లూ గెడ మీదే. ఆరడుగుల దగ్గర బురద తగిలింది. ఇంకోచోట గుచ్చాడు, ఆరు. నేనూ చూస్తూ, చేతిలో ఉన్న గాలాన్ని తోచక మళ్లీ నీళ్లలో వదిలాను. దానికి సాయన్న తెస్తూ తెస్తూనే ఎర్రను గుచ్చాడన్నది ఆ కంగారులో నేను గమనించనేలేదు.

బెండు బుడుంగున మునిగింది. "కాలమ్ దిగింది హుజూర్" అంటూ పేష్కారు రాసుకోబోయాడు. నీళ్లలోంచి సాయన్న గెడ వదిలేసి, "సాబ్! కొర్రమట్ట! గుంజుర్రి, గుంజుర్రి!" అని అరిచాడు. నా చెయ్యి నన్ను అడగలేదు, గుంజింది. మూర పొడుగు కొర్రమట్ట గాలిలో ఒక చుట్టు తిరిగి, పన్నెండు గడుల రిజిస్టరు మీద పడి కొట్టుకోసాగింది. ఎర్ర సిరా, నీటి రంగు, మబ్బు, అన్నీ కలిసిపోయాయి.

మొహతమీం మెల్లగా, "కాలమ్‌కు ఇలా తరచు తగులుతుంటాయా?" అన్నారు.

అనుకోకుండా తగిలిందని ఒక్క మాట అంటే సరిపోయేది. సంచిలో కాగితం ఉంది. వనపర్తిలో పేడాలు తిన్న వీధి ఉంది. కాని పట్వారీ వైపు చూశాను, ఆయన దగ్గు తగ్గిపోయి ఉంది. ఈరోజు నేను అబద్ధమాడితే రేపు ఆయన దాన్ని బయటపెడతాడు. నా అబద్ధంతో పాటు ఆరడుగుల మాట కూడా కొట్టుకుపోతుంది. బాలమ్మకు నాలుగో ఏడు కూడా అదే జవాబు వస్తుంది. బెండు మునిగింది, ఇప్పుడు గుంజకపోతే పోయినట్టే.

"రోజూ తగులుతాయి హుజూర్. ఇది కాలమ్ కాదు, గాలం. నేను చేపలు పడుతున్నాను. లోతు మాత్రం ఆరే" అన్నాను.

ఆయన నన్ను చూశారు, చేపను చూశారు, నీళ్లలో నిలిచిన గెడను చూశారు. తర్వాత ఆ ఫిర్యాదు కాగితం విప్పి పట్వారీని దగ్గరకు పిలిచి, ఆ మాట మీద వేలు పెట్టి ఇది ఏ అక్షరమని అడిగారు. పట్వారీ గాఫ్ అన్నాడు. మొహతమీం పేష్కారు చేతిలోని కలం తీసుకుని, ఆ అక్షరం నెత్తిన రెండో గీత పెట్టి, సిరా ఆరేదాకా ఊది, మడిచి సంచిలో పెట్టుకున్నారు. చేపను డేరాకు పంపమన్నారు. ఆ మధ్యాహ్నం డేరా వైపు నుంచి వచ్చిన మసాలా వాసనకు సాయన్న రెండుసార్లు కట్ట దిగి వెళ్లి ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు.

వారం తిరిగేసరికి ఉత్తర్వులు మూడు వచ్చాయి. మొదటిది, ఆ చెరువు లెక్కను ఆరడుగులుగా దిద్ది, ఎకరాలు తగ్గించి, చివరి మడి నుంచి వరస మొదలుపెట్టి తాబీ చేయించాలని, ఎండాకాలంలో ఒండ్రు ఎత్తించాలని. రెండోది, నన్ను ముస్తఖిల్ చేసినట్టు. మూడోది, నన్ను మన్ననూర్ అడవిలో రోడ్డు పని మీదికి బదిలీ చేసినట్టు. దాని కింద మొహతమీం సొంత దస్తూరీతో ఒక వాక్యం, 'అచట కాలమ్ వేయుటకు నీరు లేదు.' ఈసారి కాఫ్‌కు ఒకటే గీత ఉంది. నా మర్యాద కోసం కావాలనే అలా ఉంచారనుకున్నాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు పని చేశాను. ఏ చెరువు మీదికి పోయినా స్తంభం చూడకముందు దారం వేసి చూసేవాణ్ణి. ఇప్పుడు నా వయసు ఆనాటి సాయన్న వయసును దాటిపోయింది. పొద్దున్నే కట్ట మీద కూర్చుంటే కుర్రవాళ్లు వచ్చి చేపలు పడుతున్నాయా తాతా అని అడుగుతారు, లోతు ఎంతని ఒక్కడూ అడగడు. ఆ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. పట్వారీ ఒక గీత మరిచిపోయాడు, దాన్ని దిద్దడానికి ఒక చుక్క సిరా చాలింది. మేము మట్టిని నీళ్లుగా రాసుకుంటూ పోయాము, దానికి బాలమ్మ మడి మూడేళ్లు ఎండింది.