మావయ్యకు రెట్టింపు నొప్పి

మా మావయ్యకు సొంత జబ్బంటూ ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ ఎదుటివాళ్ళవే! ఎవరికి ఏ నొప్పి వచ్చినా, ఆయనకు అప్పటికే అది రెట్టింపు ఉంటుంది. పక్కింటాయన పన్ను పీకించుకొస్తే ఈయన రెండు దవడలకూ మఫ్లరు చుట్టుకున్నాడు. మా అక్కను పురిటికి ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, "నాకూ పొద్దుట్నుంచీ నడుం లాగేస్తోందే" అన్నాడు!

అలాంటింట్లో అత్తయ్యకు నిజం నొప్పే వచ్చింది. ఆవిడ బళ్ళో డ్రిల్లు టీచరు. ఈల ఊదితే వీధిలో స్కూటర్లు కూడా ఆగేవి. మొదట మోకాలి నొప్పనుకుని మందు రాసింది. తర్వాత గజ్జల్లో పోటు మొదలైంది. తీరా ఎక్స్‌రే తీస్తే, కుడి తుంటి కీలు అరిగిందని తేలింది.

"రోజూ వ్యాయామం చెయ్యాలమ్మా. నడిచేటప్పుడు చేతికర్ర వాడండి. కదలడం మానేశారో, ఇంకా బిగుసుకుపోతుంది" అన్నాడు డాక్టరు.

"కర్రా? పిల్లల ముందా? రేపే ఉద్యోగం మానేస్తా!"

అన్నంత పనీ చేసే మనిషి. ఆ ఈల లేకుండా అత్తయ్యను ఊహించుకోవడం నావల్ల కాదు.

మావయ్య కుర్చీలోంచి లేచాడు. "అబ్బా! డాక్టరుగారూ, నాకు రెండు తుంట్లూ అరిగాయండీ!"

డాక్టరు ఆయన కాళ్ళు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మీకేమండీ, పరుగుపందెంలో పాల్గొనొచ్చు."

"లోపల్లోపల ఉందండీ."

అత్తయ్య మందులకని బయటికెళ్ళగానే మావయ్య గొంతు తగ్గించాడు. "బాబ్బాబూ, నాకూ ఓ కర్ర రాసిపెట్టండి. ఆవిడొక్కతే పట్టుకోదు."

ఆ క్షణంలో మావయ్య ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను!

ఇంకేముంది, ఇంట్లో రెండు కర్రలు! "కుడి తుంటి నొప్పైతే కర్ర ఎడంచేత్తో పట్టుకోవాలండీ! ఎన్నిసార్లు చెప్పాలి?" అని అత్తయ్య పట్టుకుని చూపించేది. కాలు పక్కకి లేపమంటే మావయ్య చెయ్యి లేపేవాడు. "నా ఖర్మ! ఇలాగండీ!" అంటూ ఆవిడ పక్క చాప మీద పడుకుని లేపేది. అలా చూపించీ చూపించీ ఆవిడ వ్యాయామమంతా పూర్తయ్యేది.

కొన్ని నెలలకు నొప్పి పూర్తిగా పోలేదు గానీ, లొంగింది. ఉద్యోగం మానేసే మాట మళ్ళీ ఎత్తలేదు. ఓ పొద్దున కర్రతోనే బడికి బయల్దేరింది. ముందు కుంటుకుంటూ మావయ్య, వెనక అత్తయ్యా నేనూ. గేటు దగ్గర ఇక ఉండబట్టలేక, "అత్తయ్యా, మావయ్యకు నొప్పీ లేదు, గిప్పీ లేదు" అనేశాను.

"పూటకో కాలు కుంటుతుంటే ఆ మాత్రం తెలీదుట్రా నాకు? నోరు మూసుకో" అని నా నెత్తిన ఒక్కటిచ్చి, ముందుకు కేకేసింది.

"ఏమండీ! నిన్న ఎడంకాలు! పిల్లలు చూస్తున్నారు!"

మావయ్య చటుక్కున కాలు మార్చాడు.