బంతిలోంచి నేను లేపిన మనిషి

నరసరావుపేటలో నేను స్టూడియో పెట్టిన కొత్తల్లో ఫోటో అంటే పెళ్ళి, పాస్‌పోర్టు సైజు, పోయినవాళ్ళ బొమ్మ, అంతే. అన్నాన్ని ఫోటో తీయమని అడిగిన మొదటి మనిషి బస్టాండు దగ్గరి హోటలు యజమాని. మేడ మీద కొత్తగా భోజనాల హాలు కట్టించాడు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి వేసే రంగుల స్లైడు కావాలన్నాడు.

"చూసినోడికి నోట్లో నీళ్ళూరాల. ఇంటికి పోయేవాడు మా మెట్లెక్కాల," అన్నాడు.

మనిషిని తీయడం కంటే అన్నాన్ని తీయడం కష్టమని ఆ వారంలో తెలిసింది. వడ్డించిన పావుగంటకే కూర కళ పోతుంది. పప్పు మీద తొరక కడుతుంది. లైటు పడితే అన్నం సున్నం కుప్పలా కనపడుతుంది. చెప్పేవాళ్ళు లేక నాకు నేనే కొన్ని కిటుకులు కనిపెట్టాను. కూర మీద కుంచెతో నూనె పూసేవాణ్ణి. అన్నం వెనకాల అగరొత్తులు గుచ్చితే పొగ ఆవిరిలా లేచేది. కాఫీకి నురగ నిలవకపోతే సబ్బు నురగ చెంచాతో వేసేవాణ్ణి. ఫోటో అయ్యాక అదంతా పారబోయడమే. హోటల్లో వంట చేసే ముసలాయన చూసి చూసి, "తినేదాన్ని ఇట్టా చేయగూడదయ్యా," అని ఒకసారి అన్నాడు. నేను నవ్వేశాను. ఫోటో సంగతి వంటవాడికి ఏం తెలుసు అనుకున్నాను.

అంతా చేసి స్లైడు చూపిస్తే యజమానికి నచ్చలేదు. "అన్నీ బాగానే ఉన్నయ్యి. తినేవాడు లేడు. మనుషులు సంతోషంగా తింటా ఉండాల," అన్నాడు.

అలాంటి మనుషులు నాకు కబడ్డీ పోటీల్లో దొరికారు. ఆ చలికాలం ఊళ్ళో పెద్ద పోటీలు పెట్టారు. మా ఊరి జట్టు ఫైనల్‌కి వచ్చింది. దాన్ని అక్కడిదాకా లాక్కొచ్చినవాడు ఒక కుర్రాడు. ఇరవై రెండేళ్ళుంటాయి. పత్తి మిల్లులో బేళ్ళు మోసేవాడు. వాళ్ళది గురజాల అవతల పల్లెటూరు. తండ్రి నాపరాళ్ళ గనిలో కూలి. కుర్రాడు కూతకు వెళితే జనం ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు. మా జట్టు గెలిస్తే అందరికీ తన హాల్లో భోజనం పెడతానని హోటలు యజమాని మైకులో చెప్పించాడు. ఆ భోజనమే నాకు స్లైడు.

కప్పు ఇవ్వాల్సిన పెద్దమనిషి మధ్యాహ్నానికి గుంటూరు వెళ్ళిపోవాలట. అందుకని ఫైనల్ పొద్దున్నే పెట్టారు. ఎండ ముదరకముందే గ్రౌండు నిండిపోయింది. గోడల మీద, లారీల మీద, ఎక్కడ కాలు మోపే చోటుంటే అక్కడ మనుషులే.

జనాన్ని తీయడంలో ఒక చిక్కుంది. కెమెరా కనపడగానే అందరూ అసలు మనిషిని వదిలేసి నా వైపు తిరిగి నిలబడతారు. సంతోషం కాస్తా గ్రూపు ఫోటో అయిపోతుంది. అందుకని ఆఖరి కూత దాకా కెమెరా బయటికి తీయలేదు. ఇంకొక్క పాయింటు చాలు అన్నప్పుడు ఆ కుర్రాడు కూతకు వెళ్ళాడు. ఒకణ్ణి తాకాడు. వెనక్కి మళ్ళేలోపు ముగ్గురు మీద పడి కాళ్ళు పట్టేశారు. ముగ్గురినీ ఈడ్చుకుంటూ మోచేతుల మీద పాకి, చెయ్యి చాపి గీత ముట్టుకున్నాడు.

తాళ్ళు తెగాయి. ఊరంతా కోర్టులోకి దూకింది. నేను కెమెరాని పొట్టకు అదుముకుని మనుషుల కాళ్ళ మధ్యకు దూరాను. ఎవరి మోచెయ్యో దవడకు తగిలింది. కింద కూర్చుని పైకి చూస్తే, మట్టి కొట్టుకుపోయిన ఒంటితో ఆ కుర్రాడు భుజాల మీద లేస్తున్నాడు. నోరు తెరిచి ఏదో అరుస్తున్నాడు. అతని వెనక ఆకాశం తప్ప ఇంకేమీ లేదు. మీట నొక్కాను. నా జన్మలో అంత మంచి ఫోటో తీయలేదని ఆ క్షణాన్నే తెలిసిపోయింది.

అప్పుడే ఎవరో నా భుజం పట్టుకున్నారు. నెరిసిన గడ్డం, తలకు తువ్వాలు. "వాడు మావాడేనయ్యా. ఫోటోలో బాగా పడ్డాడా?" అని అడిగాడు. సమాధానం చెప్పకుండా చెయ్యి విదిలించుకుని ముందుకు వెళ్ళాను. ఆ పూట నేను భూమి మీద నడవలేదు.

హోటలు మేడ మీద కిటికీల పక్కన అరిటాకులు వేయించాను. పన్నెండింటి వెలుగు హాల్లో బాగా పడుతోంది. రంగుల రీల్లో అయిదారు బొమ్మలే మిగిలాయి. జట్టు స్నానాలు చేసి, యజమాని ఇచ్చిన కొత్త బనియన్లు వేసుకుని వచ్చింది. కుర్రాడు తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన పక్క ఆకు ముందు కూర్చోబెట్టాడు. పొద్దున నా భుజం పట్టుకున్న మనిషే.

"నాయనా, ఇక్కడ కూర్చో. తిన్నాక బస్సెక్కిస్తా," అన్నాడు.

వడ్డన మొదలైంది. ఇంతలో కింద జీపు ఆగింది. ఎవరో పెద్దమనిషి దండ వేయడానికి వచ్చాడని కుర్రాణ్ణి పిలిచారు. "నువ్వు తింటా ఉండు, ఇప్పుడే వస్తా," అని తండ్రికి చెప్పి అతను కిందికి వెళ్ళాడు.

నేను కెమెరాలోంచి చూశాను. వరసగా కొత్త బనియన్లు, పచ్చటి ఆకులు, తెల్లటి అన్నం. ఖాళీగా ఉన్న కుర్రాడి ఆకు పక్కన ఆయన. చొక్కా భుజం దగ్గర చినిగి ఉంది. చేతులు రాతిపొడికి బీటలు వారి, గోళ్ళు సగం సగం ఉన్నాయి. పెద్దగా ఆలోచించిందేమీ లేదు. కూరకు నూనె పూసినంత తేలిగ్గా నిర్ణయం తీసుకున్నాను. దగ్గరికి వెళ్ళాను.

"పెద్దాయనా, కాస్త లేవాలి. ఇది ఆటగాళ్ళకే. ఫోటో అయ్యాక మీకు వేరే వడ్డిస్తారు."

ఆయన పప్పన్నం కలిపి ఉన్నాడు. ముద్ద చేతిలో ఉంది. ఒకసారి నా మొహంలోకి చూశాడు, వేళాకోళమేమో అనుకున్నట్టు. తర్వాత ముద్ద ఆకులో పెట్టాడు. ఆకు మడిచాడు. మోకాలి మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా లేచాడు. ఆటగాళ్ళు అటూ ఇటూ చూశారు. ఆయన మూలకు వెళ్ళి చెయ్యి కడుక్కుని, వెనక మెట్ల మీదుగా దిగిపోయాడు. నేను ఆ ఆకు తీయించి మిగిలినవాళ్ళను దగ్గరికి జరిపించాను.

కుర్రాడు మెడలో దండతో వచ్చాడు. "మా నాయనేడన్నా?" అని అడిగాడు.

"తిన్నాడు. బస్సుకి టైమైందని వెళ్ళాడు."

"అప్పుడే తిన్నాడా?" అని మిగతావాళ్ళ వంక చూశాడు. వాళ్ళు ఆకుల్లోకి తలలు వంచారు.

"ఆకలి మీదున్నట్టున్నాడు. నువ్వు కూర్చో, కూర కళ పోతోంది."

కూర్చున్నాడు. ముద్ద నోటి దాకా తెచ్చి ఆపమన్నాను. ఆపాడు. నవ్వమన్నాను. నవ్వాడు.

పని అయ్యాక యజమాని పైకి వచ్చి ఆటగాళ్ళను లెక్క చూసుకుంటూ, "ఆ పిల్లాడి తండ్రి తిన్నాడా?" అని అడిగాడు. ఫోటోకి అడ్డమని లేపానని చెప్పాను. ఆయన లెక్క ఆపేశాడు. "విస్తట్లో కూర్చున్న మనిషిని లేపావా? నేను చెప్పానా నీకు?" అన్నాడు. అప్పటిదాకా నేనేం చేశానో నాకు తెలియలేదు. అప్పుడు తెలిసింది.

బస్టాండుకు పరిగెత్తాను. గురజాల బస్సు ఇంకా రాలేదు. సిమెంటు బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నాడు. చేతిలో సగం ఒలిచిన అరటిపండు. పక్కన ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గ్రౌండు వైపు చెయ్యి చూపించి, మోచేతులు కదిలిస్తూ కొడుకు ఎలా పాకాడో చెబుతున్నాడు. నేను కిళ్ళీ కొట్టు పక్కన ఆగిపోయాను. ఇరవై అడుగులు లేదు. దగ్గరికి వెళ్ళి, తిరిగి రమ్మని పిలిస్తే వచ్చేవాడేమో, తిట్టేవాడేమో. రెండింటికీ నాకు ధైర్యం లేకపోయింది. బస్సు వచ్చింది. ఆయన ఎక్కాడు. నేను స్టూడియోకి తిరిగి వచ్చాను.

స్లైడు మద్రాసు నుంచి వచ్చాక సినిమా హాల్లో వేశారు. కుర్రాడి మొహం తెర మీద పడగానే ఈలలు. ఆ జనంలో కూర్చుని నేనొక్కణ్ణే ఇద్దరు ఆటగాళ్ళ మధ్య సందు ఎక్కడుందా అని వెతుక్కున్నాను. సందు లేదు. అంత బాగా జరిపించాను.

కొన్నాళ్ళకు కుర్రాడు స్టూడియోకి వచ్చాడు. గ్రౌండులో తీసిన ఫోటో తండ్రికి పంపాలన్నాడు. ఇంటికి వెళ్ళి వచ్చాడట.

"మా నాయన ఆ భోజనం గురించి ఊరంతా చెప్తన్నాడన్నా. గుత్తొంకాయ రెండుసార్లు వేయించుకున్నాడంట. అంత మంచి గడ్డపెరుగు ఎక్కడా తినలేదంట."

నేను కవరు వెతుకుతున్నట్టు లోపలికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. బయటికి వచ్చి, "ఫోటో నేనే తీసుకెళ్ళి ఇస్తాలే, అటు పనుంది," అన్నాను.

ఆదివారం వెళ్ళాను. గని దగ్గరే దొరికాడు. పలకలు విడగొడుతున్నాడు. నన్ను చూసి గునపం పక్కన పెట్టాడు.

"ఫోటోలాయనవు గదా," అన్నాడు.

ఫోటో ఇచ్చాను. చేతులు తువ్వాలుకి తుడుచుకుని, అంచులు పట్టుకుని చాలాసేపు చూశాడు. నేను దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలేవీ రాలేదు. "ఆ రోజు తప్పు చేశాను పెద్దాయనా," అని మాత్రం అన్నాను.

"నీ పని నువ్వు చేశావులే," అన్నాడు. ఇంకాసేపు ఫోటో చూసి, తలెత్తకుండానే అన్నాడు. "కానీ ముద్ద చేతిలో ఉందయ్యా. అది తిన్నాక లేపినా బాగుండేది."

ఫోటోని జాగ్రత్తగా తువ్వాల్లో చుట్టాడు.

"వాడికి చెప్పమాక. నేను తిన్నానని చెప్పా. వాడి సంబరం చెడిపోద్ది."

అక్కడే ఆయన ఫోటో ఒకటి తీస్తానన్నాను. కెమెరా భుజానే ఉంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇప్పుడెందుకులే," అని గునపం అందుకున్నాడు. బలవంతం చేయడానికి నాకు మొహం లేదు.

భోజనాల ఫోటోలు మానేశానని చెప్పలేను. అదే నా బతుకు. ఆ తర్వాత వంద బంతుల్లో కెమెరా పట్టుకుని తిరిగాను. తినే మనిషిని మాత్రం జరగమనలేదు. దానివల్ల ఆయనకు ఒరిగిందేమీ లేదు.

కుర్రాడికి ఆట మీద ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. అయిదారేళ్ళ తర్వాత ఒక పొద్దున గుండు చేయించుకుని స్టూడియోకి వచ్చాడు. తండ్రి పోయి తొమ్మిదో రోజు. పెద్దకర్మకు పటం కట్టించాలి. ఆయన ఎప్పుడూ ఫోటో దిగలేదు.

"ఆ రోజు రీళ్ళు నీ దగ్గరుంటయ్ గదన్నా. నా పక్కనే ఉన్నాడు. ఏదో ఒకదాంట్లో పడే ఉంటాడు."

లోపలికి వెళ్ళి నెగిటివులన్నీ లైటు ముందు పెట్టి చూశాను. గ్రౌండువి, హోటలువి, ఒక్కొక్కటీ రెండుసార్లు చూశాను. ఊళ్ళో ముక్కూమొహం తెలియని వందమంది పడ్డారు. ఆయన లేడు. అతను బల్ల మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. దొరకలేదని ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పమాక అన్న తండ్రి మాట కూడా నాకు అండగా ఉంది. కానీ అది అండ కాదని, దాని చాటున దాక్కుంటున్నానని నాకు తెలుసు. బయటికి వచ్చి అతని ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. ఆకు మడిచిన దగ్గర్నుంచి అరటిపండు దాకా.

అతను తల దించుకుని విన్నాడు. అయ్యాక గోడకున్న పెళ్ళి ఫోటోల వంక చూశాడు.

"మా నాయన నాకు అబద్ధం చెప్పింది అదొక్కటేనేమోనన్నా," అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

పటానికి ఎవరిచేతో బొమ్మ గీయించారని విన్నాను. ఇప్పటికీ బజారులో ఎదురుపడితే పలకరిస్తాడు. అన్నా అనే పిలుస్తాడు. ఇంట్లో వాళ్ళ ఫోటోలు మాత్రం వేరే స్టూడియోలో తీయించుకుంటారు.