తెర మీద మా వరండా

ఇంకా తేరుకోలేదు. గవర్నర్‌పేటలో ఇకపై భవనాలు ఎలా కట్టాలో కార్పొరేషన్ వాళ్ళు కొత్త నిబంధనలు రాస్తున్నారని, అభిప్రాయాలు చెప్పమని పిలిస్తే పొద్దున వెళ్ళాను. నడిచేవాళ్ళకి నీడ కోసం ప్రతి షాపు ముందూ వరండా ఉండి తీరాలట. నమూనాగా తెర మీద ఒక పాత ఫోటో వేశారు. చూద్దును కదా, అది మా పుస్తకాల షాపు! చూపిస్తున్న సలహాదారుణ్ణీ గుర్తుపట్టాను. పాతికేళ్ళ కిందట మా వరండా ఆక్రమణ అంటూ, సాక్ష్యానికి ఆ ఫోటో తీసి, మధ్యాహ్నానికల్లా కూల్పించిన అధికారి ఆయనే. ఇప్పుడు రిటైరయ్యాడు.

లేచి అడిగాను. "ఇది మీరు పడగొట్టించిన వరండాయే కదండీ?"

"అప్పటి రూలు అది మాస్టారూ, ఇప్పటి రూలు ఇది. మీకు మంచిదేగా, మళ్ళీ కట్టుకోండి!" అన్నాడు నవ్వుతూ.

ఇన్ని చరిత్ర పుస్తకాలు చదివాను, నేరానికి సాక్ష్యంగా తీసిన ఫోటో ఆదర్శమైపోవడం ఎక్కడా చూడలేదు. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. ఫోటోలో స్తంభం పక్కన రెండు చేతులూ జోడించి, కూల్చొద్దని బతిమాలుతున్నది నేనే. దాని కింద ఏమని రాశారో తెలుసా? "కొనుగోలుదారులకు స్వాగతం పలుకుతున్న యజమాని."

మీ వీధిలోనూ ఇలా స్వాగతం పలికినవాళ్ళుంటే చెప్పండి.