సబ్బు రాసిన బెల్టుతో కళింగపట్నం ప్రయాణం

మా పెద్దమ్మ కరుణమ్మకి అరవై ఆరేళ్ళు. బాప్టిస్టు కుటుంబంలో పుట్టింది, బాప్టిస్టు ఇంటికే కోడలుగా వెళ్ళింది, ఒక్క ఆదివారం కూడా చర్చి మానలేదు. కానీ బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. మా సంఘాల్లో బాప్తిస్మం అంటే తల మీద నాలుగు చుక్కలు చల్లడం కాదు. నడుం లోతు నీళ్ళలో నిలబెట్టి, మనిషిని పూర్తిగా ముంచి లేపుతారు. చిన్నప్పుడు ఏటిలో జారి మునిగిపోబోయిన పెద్దమ్మకి నీళ్ళంటే చచ్చేంత భయం. బాప్తిస్మం లేనివాళ్ళకి ప్రభువు బల్లలో చోటు లేదు, అందుకే నెలకోసారి అందరూ ఆ బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటుంటే తను మాత్రం చివరి బెంచీలో తల వంచుకుని కూర్చునేది. యాభై ఏళ్ళు అలాగే కూర్చుంది. 2016 మే నెలలో ఒకరోజు మా ఇంటికొచ్చి, "ఒరే, కళింగపట్నంలో మా పుట్టింటి సంఘపోళ్ళు ఈ ఆదోరం బాప్తిస్మాలిస్తన్నారట. ధైర్యం వచ్చినాది. ఇప్పుడు దిగలేదంటే నానింక దిగలేను. నీ బండిలో తీసుకెళ్తావా?" అని అడిగింది. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను.

నా బండి సంగతి ఈ బ్లాగు చదివేవాళ్ళకి తెలుసు. పదమూడేళ్ళ డీజిల్ బండి, ఏడుగురు పడతారు, రెండు లక్షల అరవై వేల కిలోమీటర్లు తిరిగింది. ఆయిలూ, ఫిల్టర్లూ నేనే మార్చుకుంటానని, మెకానిక్కులకి డబ్బు తగలెయ్యక్కర్లేదని ఇక్కడ ఎన్ని గొప్పలు చెప్పుకున్నానో తలచుకుంటే ఇప్పుడు చెవులు కాలిపోతున్నాయి. అసలు సంగతి ఇది. రెండు నెలలుగా పొద్దున్నే స్టార్టు చేయగానే బండి కీచుమని అరుస్తోంది. గరివిడిలో నాకు తెలిసిన మెకానిక్ చూసి, ఫ్యాన్ బెల్టు బీటలు వారింది, మార్చేయమన్నాడు. అప్పటికి సరేనని వచ్చేసి, ఇంట్లో స్నానానికి వాడే చందనం సబ్బు ముక్క తీసి బెల్టుకి రుద్దాను. అరుపు ఆగింది. నాలుగు రోజులకి మళ్ళీ అరిస్తే మళ్ళీ రుద్దాను. ఆ తర్వాత మీటర్ల దగ్గర బ్యాటరీ గుర్తున్న ఎర్ర దీపం మిణుకు మిణుకుమనడం మొదలైంది. అది చూసి నా భార్య సునీత అస్తమానం ఏమిటది, ఏమిటది అని అడుగుతుంటే విసుగొచ్చి, కొత్త సంవత్సరం రోజున చర్చిలో పంచిన, బైబిలు వాక్యం రాసిన వాగ్దానం స్టిక్కరు తెచ్చి సరిగ్గా ఆ దీపం మీద అతికించాను. "మీటర్ల మీద ఎవరైనా అంటిస్తారా?" అంది. "దేవుడి మాట కళ్ళెదురుగా ఉండొద్దా?" అన్నాను. ఎంత సిగ్గులేని మాటో చూడండి.

ఆదివారం పొద్దున్న ఆరింటికి గరివిడిలో బయల్దేరాం. మీరూ ఇటువైపు నుంచి వెళ్ళేటట్టయితే చీపురుపల్లి మీదుగా సుభద్రాపురం వైపు వచ్చి హైవే ఎక్కండి. రోడ్డు బాగుంటుంది, పొద్దున్నపూట ఆవులు తప్ప అడ్డొచ్చేవాళ్ళుండరు. శ్రీకాకుళం దాకా గంటన్నర, అక్కడినుంచి గార మీదుగా కళింగపట్నం ఇంకో ముప్పావుగంట. వెయ్యి రూపాయల డీజిల్ పోయించాను, రానూపోనూ సరిపోయింది. బండిలో మేం ముగ్గురమే. కాకపోతే బాప్తిస్మాలయ్యాక సంఘం అంతా కలిసి భోంచేస్తారు కదా, ఆ భోజనం తన ఖర్చే కావాలని పెద్దమ్మ పాతిక కిలోల బియ్యం బస్తా, పెద్ద డేగిసా, మూడు పనసకాయలు తెచ్చింది. వెనక సీటు మడిచి అన్నీ సర్దాను. ఆవిడ కొత్త తెల్లచీర సంచిలో పెట్టుకుని, ఆ సంచి ఒళ్ళోంచి దించకుండా కూర్చుంది. "పాస్టరయ్యగారు పదిన్నర దాకా ఉంటారట. ఆ పైన పోటు వచ్చీస్తాదట, నాలాటి ముసిలోలిని దింపరట," అని దారి పొడుగునా అదే మాట.

చిలకపాలెం టోల్‌గేటు దాటిన కాసేపటికి బానెట్ లోపల ఠప్పుమని చప్పుడైంది. రాయి తగిలిందేమో అనుకున్నాను. మూడు నాలుగు కిలోమీటర్లు అలాగే పోనిచ్చాను. ముందు లారీ ఆగితే బ్రేకు తొక్కాను, పెడల్ గట్టిగా బిగుసుకుపోయి ఉంది. రెండు కాళ్ళూ పెట్టి తొక్కితే గానీ బండి ఆగలేదు. అప్పుడు చూశాను, వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటిపోయింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. పక్కకి తీసి ఆపాను. టైము ఏడూ ఇరవై. నాకు వెంటనే తెలిసిపోయింది అది బెల్టేనని. తెలిసి కూడా, పెద్దమ్మ "ఏటయ్యిందిరా?" అని అడిగితే నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఏటవుతాది పెద్దమ్మా? ఇది బండా, లారీయా? బియ్యం బస్తాలు, డేగిసాలు, పనసకాయలు! పాతబండి ఎంత మోస్తాదనుకున్నావు?"

ఆవిడ ఒళ్ళోని సంచి సీటు మీద పెట్టింది. దిగింది. వెనక తలుపు తీసి పనసకాయలు ఒక్కొక్కటే చంకనెత్తుకుని రోడ్డు పక్కన పెట్టింది. డేగిసా దించింది. బియ్యం బస్తా లాగబోతుంటే సునీత పరిగెత్తుకెళ్ళి పట్టుకుంది. అరవై ఆరేళ్ళ మనిషి ఎండలో చెమటలు కక్కుతూ, నా బండికి బరువు తగ్గిస్తోంది. నేను బానెట్ ఎత్తి ఇంజన్ వైపు చూస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డాను.

కొంచెం ముందుకి ఒక టీ కొట్టు, దాని పక్కన మెకానిక్ షెడ్డు ఉన్నాయి. సునీత పెద్దమ్మని టీ కొట్టు నీడలో కూర్చోబెట్టి నా దగ్గరికి వచ్చింది. షెడ్డు నుంచి రమణ అనే మెకానిక్ వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"బెల్టు తెగిపోనాది సార్. సూడండి, పోగులే మిగిలినాయి." వేలితో పుల్లీని తుడిచి వాసన చూశాడు. "ఇదేటి, సబ్బు వాసనొస్తన్నాది? సబ్బు రాసినారా?"

"అప్పుడప్పుడు," అన్నాను.

"బలే పని సేసినారు. అరుపు ఆగితే రోగం తగ్గినట్టా? ఇంకా జారిపోయి, ఏడెక్కిపోయి తెగిపోతాది. దీంతోనే నీళ్ళ పంపూ, డైనమో తిరుగుతాయి. డైనమో ఎనకాల గాలి లాగే పంపుంటాది, అది ఆగిపోతే బ్రేకు పడదు. దేవుడి దయ, లారీ కింద దూరలేదు." తర్వాత లోపల కూర్చుని తాళం తిప్పాడు. "చార్జింగ్ లైటేదండీ?" అంటూ గోటితో స్టిక్కరు అంచు లేపాడు. ఎర్ర దీపం బయటపడింది. నా మొహంలోకి చూశాడు, స్టిక్కరు వైపు చూశాడు, దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

"మరి లోడు వల్ల కాదంటావా?" అన్నాను, ఇంకా ఆశ చావక.

"లోడేటి సార్! ముగ్గురు మడుసులు, ఓ బస్తా. ఈ బండ్లలో పెళ్ళోలు పన్నెండుమంది ఎల్తారు."

"కాస్త నెమ్మదిగా మాట్లాడు రమణా. ఆవిడకి వినబడుతుంది."

అతను టీ కొట్టు వైపు చూశాడు. పెద్దమ్మ సంచి గుండెకి ఆనించుకుని రోడ్డు వంకే చూస్తోంది. "నాకేటుంది సార్, బెల్టేస్తాను, ఎల్తారు. ఆ పెద్దావిడికి మీరే సెప్పుకోండి," అని బైకు మీద శ్రీకాకుళం వెళ్ళాడు. అక్కడ ఆదివారం తెరిచి ఉండే షాపు ఒకటే ఉందట. బెల్టు తెచ్చి, ఇంజన్ చల్లారాక నీళ్ళు పోసి, బిగించేసరికి తొమ్మిదింపావు. బెల్టు, చాకిరీ కలిపి ఆరువందల యాభై తీసుకున్నాడు. సునీత నన్ను పక్కకి పిలిచి, "స్నానాలగదిలో సబ్బు ఎందుకు అరిగిపోతోందో నాకిప్పుడర్థమైంది. ఆవిడకి చెప్పు," అంది. "తర్వాత చెప్తాలే, ముందు టైముకి చేరనీ," అన్నాను. దించిన సామానంతా మళ్ళీ ఎక్కిస్తుంటే పెద్దమ్మ అడ్డుపడింది, బియ్యం అక్కడే టీ కొట్టు వాళ్ళకి ఇచ్చేద్దామంది. "ఫరవాలేదు, ఇప్పుడు మోస్తుంది," అన్నాను. ఎందుకు మోస్తుందో చెప్పలేదు.

పదీ పదికి కళింగపట్నం చేరాం. ఊళ్ళోకి వస్తూనే ఎండుచేపల వాసన పలకరిస్తుంది. వలల మీద ఆరబోసిన చేపల పక్కనుంచి నడిచి ఒడ్డుకి వెళ్ళాలి. బీచి చూడటానికి వచ్చేవాళ్ళు పొద్దున్న తొమ్మిదిలోపు రండి, మే నెలలో ఆ తర్వాత ఇసుక మీద కాలు పెట్టలేరు. వంశధార సముద్రంలో కలిసేచోట నీళ్ళు ఒకవైపు మట్టిరంగు, ఒకవైపు నీలం. కెరటాలు తగలని ఏటివైపు పాయలో అయ్యగారు నడుం లోతులో నిలబడి ఉన్నారు. ఒడ్డున డెబ్భై, ఎనభై మంది జనం పాడుతున్నారు. మిగిలిన ఆరుగురికీ అయిపోయింది. పెద్దమ్మ కోసమే ఆగారు.

మా పద్ధతిలో నీళ్ళలోకి దిగేముందు సాక్ష్యం చెప్పాలి. ఎందుకు వచ్చావు, ఏ తప్పు ఒప్పుకుంటున్నావు అని అందరి ముందూ నోరువిప్పి చెప్పాలి. పెద్దమ్మ తెల్లచీరలో తడి ఇసుక మీద నిలబడింది. నీళ్ళ భయం గురించి చెప్పింది. యాభై ఏళ్ళు బల్లకి దూరంగా కూర్చున్న బాధ చెప్పింది. "ఇయ్యాల పొద్దున్న కూడా పాపం సేసినాను. నా పేరు మీద విందు జరగాలని గొప్పకి పోయి, మోయలేనంత బరువు ఎక్కించీసినాను. మా పిల్లడి బండి పాడైపోనాది. ఆడికి ఖర్చు పెట్టించినాను, మీ అందరినీ ఎండలో నిలబెట్టినాను. ప్రభువా, నన్ను క్షమించు," అంది.

సునీత నా మోచేయి పట్టుకుని గట్టిగా నొక్కింది. నాకూ పెద్దమ్మకీ మధ్య పది అడుగులు కూడా లేవు. "అది ఆవిడ తప్పు కాదు" అంటే చాలు, నాలుగు మాటలు. అంతమంది నా వైపు తిరుగుతారని, కొందరు నా బ్లాగు చదివేవాళ్ళు కూడా ఉన్నారని నోరు మూసుకున్నాను. అయ్యగారు చెయ్యి చాపారు. పెద్దమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్కో అడుగే వేస్తూ నీళ్ళలోకి వెళ్ళింది. మునిగి లేచింది. లేచాక ఉక్కిరిబిక్కిరవుతూనే నవ్వింది. ఆ నవ్వు నేనింతకుముందు ఎప్పుడూ చూడలేదు. జనమంతా చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

పనసపొట్టు కూర, అన్నం, చేపల పులుసు తిని రెండింటికి బయల్దేరాం. గార దాటాక బండి ఆపి, వెనక్కి తిరిగి అంతా చెప్పేశాను. సబ్బు, స్టిక్కరు, రమణ మాటలు, అన్నీ. కోప్పడుతుందనుకున్నాను. తడిచీర ఉన్న సంచి ఒళ్ళోకి లాక్కుంది.

"ఈ ముక్క నాను నీళ్ళలో దిగకముందు సెప్పాల్సిందిరా," అంది. "బండి పోతే పోనాది. తిట్టినావు, పడ్డాను. కానీ బాప్తిస్మం నాడు, దేవుడి ముందు, నా నోటితో అబద్ధం సాక్ష్యం సెప్పించీసినావు కదరా. ఇప్పుడేటి సెయ్యను? మళ్ళీ మునగమంటావా?"

తర్వాతి ఆదివారం మా చర్చిలో సాక్ష్యాల సమయంలో లేచి జరిగింది చెప్తానని మాటిచ్చాను. లేచాను కూడా. మూడో బెంచీలోంచి పెద్దమ్మ నా వైపే చూస్తోంది. "నా మోకాలి నొప్పి గురించి ప్రార్థన చెయ్యండి," అని కూర్చున్నాను. ఆరోజు పెద్దమ్మ జీవితంలో మొదటిసారి రొట్టె పుచ్చుకోవాలి. పళ్ళెం తన దాకా వచ్చినప్పుడు చెయ్యి చాపలేదు, పక్కవాళ్ళకి అందించేసింది. ఆ లెక్క సరయ్యేదాకా ముట్టనని తర్వాత సునీతతో చెప్పిందట.

నోటితో చెప్పలేనిది రాసైనా చెబుదామని ఇది రాశాను. బండి పాతదైనందుకు సిగ్గుపడక్కర్లేదు, బెల్టు తెగినందుకూ అక్కర్లేదు. తప్పు నాదని తెలిసిన క్షణానికీ, నోరు తెరిచిన క్షణానికీ మధ్య ఏడు గంటలు గడిచాయి, ఆ ఏడు గంటలకే నా సిగ్గంతా. పాత డీజిల్ బండిలో దూరం వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: బయల్దేరేముందు ఇంజన్ ఆపి, బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కండి. అర అంగుళం కన్నా ఎక్కువ దిగినా, లోపలి వైపు బీటలు కనిపించినా అప్పుడే మార్పించేయండి. పని అరగంటది.

పోస్టు పెట్టేముందు పెద్దమ్మకి మొత్తం చదివి వినిపించాను. ఒత్తులు పలికానా లేదా అన్నట్టు శ్రద్ధగా వింది. అయిపోయాక అడిగింది: "నా పేరు రాసినావు. నీ పెళ్ళాం పేరు రాసినావు. ఆ మెకానిక్కు పేరు రాసినావు. మరి నీ పేరేదిరా ఇందులో?"

నా పేరు సామ్యూల్ రాజు. గరివిడి సంఘం. వచ్చే ఆదివారం బల్లకి ముందు, ఇదంతా రాసిన కాగితం పట్టుకుని లేస్తాను.