అగ్గి సారు

ఆ రోజుల్లో ఉద్యోగం ఇస్తామంటే చాలు, ఏం పని అని అడిగే అలవాటు మాకు లేదు. గద్వాల పక్కన పత్తి మిల్లులో గుమాస్తాగా చేరిన నాకు వారం తిరక్కుండానే సేఠు ఇంకో బాధ్యత తగిలించాడు. "ఇగ మిల్లుల అగ్గి అంటుకోకుండ చూస్కునే జిమ్మేదారి నీదే. అగ్గి ఆఫీసరు తనిఖీకొస్తడు. ఆయన బాగుందంటే నీ నౌకరి పక్కా, లేదంటే ఇంటికే" అన్నాడు. అప్పటికే మా నాన్న మా ఊరు ఇటిక్యాలలో కనబడినవాళ్లందరికీ కొడుకు ఆఫీసరయ్యాడని చెప్పేశాడు. ఇంక వెనక్కి పోవడానికి దారి లేదు.

నేను వెంటనే చట్టం చేశాను. గేటు దగ్గరే అందరి అగ్గిపెట్టెలూ తీసుకుని నా బల్ల సొరుగులో దాచేవాణ్ని. (ఆ బల్ల పత్తి కుప్పను ఆనుకునే ఉండేదన్న సంగతి నా తెలివికి తట్టలేదు.) తిండి వేళకి బీడీల వాళ్లంతా వచ్చి "సారూ, జర అగ్గియ్యరాదూ" అని నిలబడేవారు. ఎవరిది వాళ్లకిచ్చి గేటు బయటికి పంపేవాణ్ని. అలా అగ్గి రాకుండా చూడాల్సిన నాకు అగ్గి సారు అని పేరు స్థిరపడింది. కొత్తవాళ్లు నాకు కోపమెక్కువేమో అనుకుని భయపడేవారు, నాకూ అది బాగానే ఉండేది.

తనిఖీ రోజున ఆఫీసరు మిల్లంతా తిరిగి, చివరికి నా బల్ల దగ్గర ఆగి సొరుగు లాగాడు. నిండా అగ్గిపెట్టెలు! "పత్తి పక్కన గిదేందయ్యా? ఎవని పని?" అని అరిచాడు. సేఠు నా వైపు చూసిన చూపులో నా ఉద్యోగం వెళ్లిపోవడం స్పష్టంగా కనబడింది. నాకు నాన్న మొహం గుర్తొచ్చింది. అంతలో పత్తి ఊడ్చే అవ్వ చీపురు పక్కన పెట్టి ఆఫీసరు ముందు చెయ్యి చాపింది.

"సారూ, మీ జేబులది గూడ అండ్ల ఎయ్యుండ్రి."

"నాదా?"

"ఎంత పెద్దోళ్లైనా సరే, లోపల ఎవ్వలికాడ అగ్గి ఉండొద్దు. మా అగ్గి సారు మాట. మీరు వచ్చినప్పటి సంది చూస్తున్న, జేబుల గలగల అంటనే ఉంది."

ఆఫీసరు జేబు తడుముకున్నాడు. అగ్గిపెట్టె! దాంతోనే పత్తంతా తిరిగొచ్చాడు పాపం. ఆయనే పకపకా నవ్వి, దాన్ని సొరుగులో వేసి, "సేఠూ, ఈ బల్లను గేటు బయట ఏపిచ్చు. పిలగాణ్ని మాత్రం తియ్యకు, గీని మాట ఇంటున్నరు" అన్నాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

జీపు దాకా వెళ్లినవాడు మళ్లీ మెల్లగా వెనక్కి వచ్చాడు. "తమ్మీ, నాది జర ఇస్తవా?" అని గొంతు తగ్గించి అడిగాడు. ఇచ్చాను. ఊరుకోవచ్చు కదా! ఇరవై రెండేళ్ల వయసు, అప్పుడే నిలబడ్డ ఉద్యోగం. "గేటు దాటినంకనే ముట్టియ్యుండ్రి సార్" అన్నాను. ఈనాడు ఎంతోమందికి జాగ్రత్తలు నేర్పే పనిలో ఉన్నాను గానీ, పెద్దవాళ్లకు ఏదైనా చెప్పాలంటే ముందు పదిసార్లు ఆలోచిస్తాను. అప్పటి ఆ పిల్లవాడు ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆఫీసరు బుద్ధిగా గేటు దాటాకే ముట్టించాడు.