రాయని మాట చదవని సారు

పోయిన వారం మా ఇంగ్లీషు సారు చనిపోయారు. మానుకోట ఆసుపత్రిలో నర్సు డ్యూటీ దిగి బస్సు కోసం నిలబడి ఉంటే సారు కూతురు ఫోన్ చేసింది. "అక్కా, బాపు పోయిండు" అని ఫోన్ వాళ్ళమ్మ చేతికి ఇచ్చింది. వస్తున్నానని చెప్పి జనగామ బస్సు ఎక్కాను.

నేను జనగామ చేరేసరికి సారు ఇంటి సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టేశారు. పైన సారు ఫోటో చిన్నది. కింద దండం పెడుతున్నవాళ్ళ ఫోటోలు పెద్దవి. అందులో ఇద్దరిని నేను ఎరుగుదును. ఒకాయన ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో సారును నలుగురి ముందు ద్రోహి అన్నవాడు, ఇప్పుడు పట్టణంలో ఒక నాయకుడు. ఇంకొకాయన నాకు హైదరాబాదులో ఇంగ్లీషు పరీక్షకు కోచింగ్ ఇచ్చినవాడు, ఈ మధ్య జనగామలో కూడా సెంటరు తెరిచాడు. ఆ ఫ్లెక్సీని అక్కడికక్కడే చింపెయ్యాలనిపించింది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఇలాంటి మాట రాయకూడదేమో. కానీ మర్యాద కోసం అబద్ధం రాస్తే మా సారు ఒప్పుకోరు.

మాది నర్మెట్ట దగ్గర పల్లె. నర్సింగ్ చదివి జనగామలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, సారు ఇంటి వెనక గదిలో అద్దెకు ఉన్నాను. ఆ ఆసుపత్రిలో జ్వరంతో వచ్చినవాళ్ళకు అవసరం లేకున్నా సెలైన్ ఎక్కించేవారు. ఎక్కించే చేయి నాది. పొలం పనులు వదిలేసి వచ్చిన ముసలమ్మలు "నీ చెయ్యి సల్లగుండ" అని దీవించి పోతుంటే నా చేతులు నాకే రోతగా ఉండేవి. అక్కడి నుంచి బయట పడడానికి నాకు కనిపించిన దారి విదేశంలో నర్సు ఉద్యోగం. దానికి ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కాలి. వినడం, రాయడం, మాట్లాడడం ఎలాగో నెగ్గుకొచ్చాను. చదివి జవాబులు పెట్టే భాగంలోనే ప్రతిసారీ పోయేది.

సెలవు పెట్టి హైదరాబాదులో కోచింగుకు చేరాను. అక్కడి సూత్రం ఒక్కటే. పాఠం చదవకు, ప్రశ్నలోంచి పెద్ద మాట ఒకటి పట్టుకో, అది పాఠంలో ఎక్కడ ఉందో వెతుకు, దొరకగానే గీత గీసి ముందుకు పో. ఒకరోజు లేచి "గిదెట్లయితది సార్, చదవకుంట" అని అడిగాను. ఆయన నా మాటను సినిమాల్లో పనివాళ్ళకు పెట్టే యాసలా సాగదీసి తిరిగి పలికాడు. క్లాసంతా నవ్వింది. మరునాటి నుంచి వెనక బెంచీలో కూర్చున్నాను. అంతలో రాష్ట్రం కోసం బందులు మొదలై బస్సులు ఆగిపోయాయి. క్లాసులు సగంలో ఉండగానే జనగామ వచ్చేశాను.

సారు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. నేను మెట్ల మీద పరచుకున్న కోచింగ్ కాగితాలు అటుగా వెళ్తూ తీసి చూశారు. పాచిపోయిన అన్నం నోట్లో పెట్టుకున్నట్టు ఆయన మొహం మారింది.

"గీళ్ళు నీకు చదువుడు నేర్పుతలేరు బిడ్డా" అన్నారు. "చదవకుంట ఎట్ల తప్పించుకోవాల్నో నేర్పుతున్నరు."

మరునాటి నుంచి ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. ఇంట్లో కాదు. చౌరస్తా దగ్గర రిటైరైన ఉద్యోగులు రాష్ట్రం కోసం దీక్షా శిబిరం వేశారు. సారు రోజూ అక్కడే కూర్చునేవారు. నైట్ డ్యూటీ దిగి నేను అక్కడికే వెళ్ళేదాన్ని. పక్కన మైకు, పాటలు, డప్పు, ఆగి ఆగి నినాదాలు. ఇంత చప్పుడులో ఎలా చదవాలని విసుక్కుంటే, ఇక్కడ చదవగలిగితే పరీక్ష హాలు పూజగదిలా ఉంటుందని నవ్వేవారు.

ఆ పరీక్షలో ఒక రకం ప్రశ్న ఉంటుంది. ఒక వాక్యం ఇస్తారు. అది పాఠం ప్రకారం నిజమా, అబద్ధమా, లేక పాఠంలో చెప్పనే లేదా అన్నది తేల్చాలి. నేను ఎప్పుడూ అక్కడే బోర్లా పడేదాన్ని. ఒకసారి చేతులు కడుక్కోవడం గురించిన పాఠం వచ్చింది. నర్సును కదా, ధీమాగా అన్నింటికీ జవాబులు పెట్టాను. చాలావరకు తప్పు. నాకు కోపం వచ్చి, ఇవన్నీ దవాఖానలో రోజూ చేసే పనులే, నిజాలే అని వాదించాను.

"నీకు తెలిసింది ఎవలడిగిండ్రు?" అన్నారు సారు. "కాయిదం ఏం చెప్పిందో గది చెప్పు. చెప్పకపోతె చెప్పలేదను. గా మాట అనెతందుకు ధైర్యం కావాలె."

ఎంత ధైర్యం కావాలో కొద్ది రోజుల్లోనే చూశాను. రాష్ట్రం ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది. జనగామ అంతా రోడ్ల మీదే ఉంది. రంగులు, పటాకులు, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా కౌగిలించుకున్నారు. నేనూ ఏడ్చాను. మరునాడు పొద్దున శిబిరంలో అందరూ సారును ఇంగ్లీషు పేపరు చదివి మైకులో చెప్పమన్నారు. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. రాష్ట్రం ఇచ్చే పని మొదలుపెడతామని ఉంది, ఎప్పటికి ఇస్తారో మాత్రం ఇందులో లేదు, అది రాయించుకునేదాకా శిబిరం ఎత్తవద్దు అన్నారు. అంతే ఆయన అన్నది.

ఇప్పుడు ఫ్లెక్సీ మీద దండం పెడుతున్న ఆ నాయకుడు అప్పుడు కుర్రవాడు. సారు చేతిలోంచి మైకు గుంజుకున్నాడు. "ముసలోడా, నువ్వెవల మనిషివి?" అన్నాడు. ద్రోహి అన్నాడు. సారుతో కలిసి అన్ని రోజులు కూర్చున్నవాళ్ళు ఒక్కరూ నోరు మెదపలేదు. మరునాడు తెల్లారేసరికి సారు ఇంటి దర్వాజకు ఎవరో పెండ కొట్టారు. పేడ ఒక్కటే కాదు, మనిషి మలం కూడా కలిపారు. నేను నర్సును, వాసనలకు వెరవను. ఆ పొద్దు మాత్రం గోడ పట్టుకుని కక్కాను. సారు భార్య బిందెతో నీళ్ళు పోస్తుంటే సారు చీపురుతో గీకి గీకి కడిగారు.

తరువాత వారాల్లో ఢిల్లీ మాట మార్చింది. ఎత్తేసిన శిబిరం మళ్ళీ వేశారు. సారు దగ్గరికి వచ్చి తప్పయిందని ఎవరూ అనలేదు. ఏమీ జరగనట్టు, ఇంగ్లీషులో అర్జీ రాసిపెట్టమని మాత్రం పిలిచారు. ఆయన వెళ్ళారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళను చూస్తే రోత పుట్టదా అని అడిగాను.

"పుడ్తది" అన్నారు. "గని రాష్ట్రం ఆళ్ళ జాగీరు గాదు కదా."

ఆ ఎండాకాలం పరీక్ష మళ్ళీ రాశాను. ప్రతి వాక్యం దగ్గర సారు గొంతు వినిపించింది. పాసయ్యాను. మిఠాయి డబ్బాతో వెళ్తే ఆయన ముందు అడిగింది, ఏ ప్రశ్న దగ్గర అనుమానం వచ్చిందని. ఆసుపత్రి మానేసి విదేశం వెళ్ళి, కొన్నేళ్ళు పనిచేసి వచ్చాను. నేను అక్కడ ఉండగానే హైదరాబాదు కోచింగువాళ్ళు నన్ను తమ విద్యార్థినిగా చెప్పుకుని నా ఫోటోతో బ్యానరు కట్టారట. తీసేయమంటే తీయలేదు. ఫోనులో సారుతో చెప్పుకుని తిట్టిపోస్తే, ఫోటోలో మొహం బాగా పడిందని చెప్పి నన్ను ఇంకా ఉడికించారు. రాష్ట్రం వచ్చినప్పుడు కూడా ఆయనే ఫోన్ చేశారు. "గిప్పుడు రాసిండ్రు బిడ్డా, చదివిన" అన్నారు. వెనక నుంచి ఆయన భార్య, ఆ బిల్లంతా చదివేదాకా మిఠాయి నోట్లో పెట్టలేదని కసురుకోవడం వినిపించింది.

మొన్న సంతాప సభ ఇంటి ముందే పెట్టారు. కోచింగాయన తన సంస్థకు సారు ఆశీస్సులు ఎప్పుడూ ఉండేవన్నాడు. నాయకుడు మైకు తీసుకుని, ప్రకటన వచ్చిన మరునాడు జనగామలో అందరికన్నా ముందు మిఠాయి పంచింది సారేనని, తన భుజం తట్టింది సారేనని చెప్పాడు. నేను లేవబోయాను. నాకన్నా ముందు సారు భార్య కుర్చీలోంచి అన్నది. మైకు లేకున్నా అందరికీ వినబడింది.

"గట్ల జరగలే నాయినా. గా దినం నువ్వు ఆయనను ద్రోహి అన్నవు. తెల్లారి మా దర్వాజకు పెండ కొట్టిండ్రు. మేమిద్దరమే కడిగినం."

నాయకుడు మైకు పక్కవాడికి ఇచ్చి కూర్చున్నాడు. కాసేపటికి ఫోన్ వచ్చినట్టు లేచి వెళ్ళిపోయాడు. ఆమె కొంగు సవరించుకుని, తరువాత ఎవరు మాట్లాడతారో మాట్లాడండన్నది.

సారును నేను చివరిసారి చూసింది దవాఖానలో. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. నర్సు మాత్రల పట్టీ ఇచ్చి వెళ్తే, నేను గ్లాసులో నీళ్ళు పోసి పట్టుకున్నాను. ఆయన వెంటనే మింగలేదు. పట్టీని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నారు. బాగున్న చేతి బొటనవేలు ఆ చిన్న చిన్న అక్షరాల కింద మెల్లగా కదిలింది, పెదవులు కూడా కదిలాయి. ఒకవైపు అయిపోయాక పట్టీని తిప్పి, రెండో వైపు మొదటి నుంచి చదవడం మొదలుపెట్టారు.